కామయ్య పట్టుకున్న స్టీరింగు

ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు పోయే దోవలో పాత చెక్‌పోస్టు మలుపని ఒకటుంది. పొద్దు గూకినాక ఆ పేరు ఎవరూ పలకరు. తప్పనిసరైతే ‘ఆడ’ అంటారు. ‘ఆడ’ అనగానే విన్నవాడు అంతా తెలిసినట్టు తలాడించి, చేతిలోని టీ గ్లాసు మెల్లగా కింద పెడతాడు.

చూడ్డానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. పైకప్పు కూలిన గది ఒకటి. రోడ్డుకు అడ్డంగా దిగాల్సింది పోయి, ఆకాశంలోకి చూస్తూ నిలబడిపోయిన ఇనప గేటు ఒకటి — తుప్పు పట్టి, కొన విరిగి. గేటు ముందర వరసగా స్పీడు బ్రేకర్లు. అవి దాటీ దాటకముందే ఎడమచేతి వైపు మెలి తిరిగే రోడ్డు. మలుపు అవతల వరదమ్మ టీ అంగడి. అంతే.

కానీ ఆ గదిలో ఒకప్పుడు కామయ్య ఉండేవాడు.

కామయ్య ఆ చెక్‌పోస్టు వాచ్‌మన్. గేటు ఎత్తడం, దించడం ఆయన పని. మధ్యలో ఒక ప్రశ్న అడగడం ఆయన సరదా — ‘యాడికి పోతుండావు?’ లారీవాణ్ణి అడిగేవాడు, సైకిలు మీద పోయేవాణ్ణి అడిగేవాడు. సైరను మోగించుకుంటూ వచ్చిన అంబులెన్సును కూడా ఆపి ‘యాడికి పోతుండావు?’ అన్న మనిషి. పాడె మోసుకుపోతున్న వాళ్లనూ అడిగాడంటారు గానీ, అది మా వీధిలో కథలు చెప్పే బర్కతుల్లా చాచా కలిపిన ముక్కని నా అనుమానం.

తర్వాత చెక్‌పోస్టు ఎత్తేశారు. కామయ్య ఇంటికొచ్చి కూర్చున్నాడు. పోయిన ఏడు ఆయన కూడా పోయాడు — ముసలితనంతో, ఆసుపత్రి మంచం మీద, కూతురు వరదమ్మ చేతి నీళ్లు తాగి. ఇంత మర్యాదగా పోయిన మనిషి దెయ్యం ఎందుకవుతాడని నన్ను అడక్కండి. ఆసుపత్రిలో పోయినాయన, తిన్నగా వచ్చి చెక్‌పోస్టు కాడ డ్యూటీ ఎక్కేశాడు. ఆ ఆర్డరు ఎవరిచ్చారో తెలీదు.

తెలీదంటే... తెలుసు. షానవాజ్ ఇచ్చాడు.

షానవాజ్ మా వీధివాడే. సెకండ్‌హ్యాండులో ఒక వ్యాను కొన్నాడు. వారమంతా బర్కతుల్లా చాచా చెక్కిన కొయ్య గరిటెలూ స్పూన్లూ నెల్లూరికి వేస్తాడు. శుక్రవారమొస్తే అనుమసముద్రంపేట దర్గాకు జనాన్ని తీసుకుపోతాడు. ధైర్యం విషయంలో మా వీధికంతా అతనే పెద్ద. కొండ మీద కోటలో ఒంటరిగా పడుకుని, ‘నిద్ర బాగా పట్టింది’ అని దిగొచ్చాడట. బంపరుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టుకునే డ్రైవర్లను చూస్తే అతనికి నవ్వాగదు. ‘ఏందిరా, బండికి పోపు పెడతుండారా?’ అంటాడు.

ఇంత ధైర్యవంతుడూ రాత్రిపూట ఇంటి వెనక కుళాయి కాడికి పోవాలంటే మాత్రం, ‘సాయిరా, ఆ లైటు ఒకసారి పట్టుకో’ అని చెల్లెల్ని పిలుస్తాడు. అది వేరే సంగతి.

ఇక ‘ఆడ’ జరిగింది నేను చూడలేదు. బర్కతుల్లా చాచా అరుగు మీద విన్నాను. చాచా చెయ్యి గరిటె చెక్కుతుంటే నోరు కథ చెక్కుతూ ఉంటుంది. గరిటెలన్నీ ఒక్క సైజులోనే వస్తాయి. కథ మాత్రం చెప్పిన ప్రతిసారీ ఒక సైజు పెరుగుతుంది.

ఎండాకాలం. గాలి లేదు, ఆకు కదలడం లేదు. దర్గా కాడి జనాన్ని ఎక్కించుకురావాలని షానవాజ్ ఖాళీ వ్యానుతో పోతున్నాడు. అప్పుడప్పుడే చీకటి చిక్కబడుతోంది. ముందు బండి లేదు. వెనక బండి లేదు. రోడ్డుకు రెండు పక్కలా ముళ్ల చెట్లు — లైటు పడ్డప్పుడు దగ్గరికొచ్చి, లైటు దాటాక వెనక్కి జరుగుతున్నట్టు...

స్పీడు బ్రేకర్లు వచ్చాయి.

దడ్... దడ్... దడ్...

షానవాజ్ ఎడమకు తిప్పాడు.

స్టీరింగు తిరగలేదు.

అంతసేపూ ఒక్క వేలితో తిరిగింది — ఉన్నట్టుండి రాయైపోయింది. అవతల్నుంచి ఎవరో రెండు చేతులా పట్టుకున్నట్టు. షానవాజ్ లాగాడు. అది బిగబట్టింది. ఇంకా బలంగా లాగాడు. అది ఇంకా బిగబట్టింది. మీటర్ల మధ్యలో, ఎన్నడూ లేనిది — పసుప్పచ్చగా ఒక కన్ను తెరుచుకుంది.

బ్రేకు తొక్కాడు. బండి పోయి పోయి సరిగ్గా గేటు కింద ఆగింది.

కీచురాళ్లు కూడా నోరు మూసుకున్నాయి.

అప్పుడు... ఎడమ చెవి పక్కన... తడి ఊపిరి తగిలేంత దగ్గర్నుంచి...

‘యాడికి... పోతుండావు?’

(ఈ గొంతు మొదటిసారి చెప్పినప్పుడు లేదు. తర్వాత వచ్చి చేరింది. తడి ఊపిరి ఇంకా తర్వాత.)

“మరి నువ్వేం చేసినావు?” అని అరుగు మీదున్న వాళ్లంతా గొంతు తగ్గించి అడిగారట.

“ఏం చేస్తాను? ఇంజను ఆపేసినాను. ‘నేను షానవాజ్‌ను. దర్గాకు పోతుండాను’ అని చెప్పినాను. మళ్లీ స్టార్టు చేసినాను. స్టీరింగు వెన్నపూసలాగా తిరిగింది. కన్ను కూడా మూసుకునింది.”

“అంతేనా?”

“అంతే. మనకు భయమేంది?”

అలా చెప్పేటప్పుడు షానవాజ్ ఎందుకో చొక్కా జేబు మీద చెయ్యి వేసి, మూసుకున్నాడట. ఎవరూ పట్టించుకోలేదు.

ఒక్కసారైతే ఊరు మరిచిపోయేది. కానీ మళ్లీ జరిగింది. ఇంకోసారి జరిగింది. ప్రతిసారీ ఆపి స్టార్టు చేస్తే కామయ్య వదిలేస్తాడు. నాలుగు రోజులు పోతే మళ్లీ పట్టుకుంటాడు. పోనుపోను పట్టు గట్టిపడుతోందని షానవాజ్ రహస్యంగా చెప్పాడు. రహస్యం గనక ఆ సాయంత్రానికల్లా ఆత్మకూరు దాకా పోయింది.

ఇక అక్కణ్ణుంచి డ్రైవర్ల జాగ్రత్తలు చూడాలి. ఏ బండైనా సరే, గేటు కనపడగానే హారను. హారనుతో పాటు కిటికీలోంచి ఒక నిమ్మకాయ. బండి ఆపకుండానే విసరాలి, వెనక్కి చూడకూడదు — ఈ రూలు ఎవరు పెట్టారో కామయ్యకే తెలియాలి. ఇంతకుముందు అక్కడ ఆగి వరదమ్మ కాడ టీ తాగి, బజ్జీ తిని, కాళ్లు చాపుకుని పోయేవాళ్లు ఇప్పుడు నిమ్మకాయ విసిరి ఎగిరిపోతున్నారు. దెయ్యం కూతురి చేతి టీ... తాగితే ఏమవుతుందో ఏమో!

షానవాజ్ ఊరికే ఉండలేదులెండి. మొదట దర్గా కాడ ఒక పెద్దాయన్ను కలిసి, బండికి ఒక తాయెత్తు కావాలన్నాడు. ఆయన కథంతా ఓపిగ్గా విని, “మనిషి మొరాయిస్తే ఇక్కడికి తీసుకురా నాయనా. బండి మొరాయిస్తే మెకానిక్కు కాడికి తీసుకుపో” అన్నాడట. షానవాజ్‌కు ఆ మాట అస్సలు నచ్చలేదు. అంత దూరం పోయింది బుద్ధిమాట వినడానికి కాదు గదా.

అయినా పోయాడు. ఆత్మకూరులో మెకానిక్కు రామనారాయణ. సెల్‌ఫోనుతో బండిని చదవగలనని బోర్డు పెట్టుకున్నవాడు. ఒక చిన్న డబ్బీని బండికి తగిలించి, ఫోను చూసి, గంభీరంగా, “స్టీరింగు సెన్సారు సర్క్యూట్లో లోపం అని వస్తుండాది. స్టీరింగు కింది కడ్డీతో సహా మొత్తం మార్చాల” అన్నాడు.

“ఎందుకు పోయిందన్నా?”

“అది ఫోను చెప్పదు. ఇంతకీ ఎక్కడ పట్టేస్తుండాది?”

“ఆడ.”

రామనారాయణ డబ్బీ పీకేశాడు. ఫోనులో వచ్చిన లోపాన్ని చెరిపేశాడు. చేతులు కడుక్కున్నాడు. “ఇది నా ఫోనుకు అందే కేసు కాదు తమ్ముడూ” అని, గోడ మీది పటం ముందున్న కుంకుమ ఇంత తీసి ఫోనుకు బొట్టు పెట్టుకున్నాడు.

అదిగో, కథ అంతవరకూ వచ్చి ఊరంతా హాయిగా వణుకుతున్న సమయంలో వరదమ్మ ఉదయగిరికి వచ్చింది.

శనివారం సాయంత్రం. షానవాజ్ ఇంటి ముందర నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

“ఒరే షానూ, మా నాయనను నువ్వు చూసినావా?”

షానవాజ్ నేల చూశాడు. “చూడలా వరదక్కా. పట్టు తెలిసింది అంతే.”

“పట్టంట పట్టు! జీవితమంతా గేటు పట్టుకున్నాడురా మా నాయన. ఒకరి స్టీరింగు పట్టుకునే మనిషా?”

వీధిలో ఒక్కో తలుపే మెల్లగా తెరుచుకుంది.

“అంగడి పోయింది, పోనీ. రేపు ఆదివారం కాదు, ఆ పై ఆదివారం మా నాయన సంవత్సరీకం. ఊరూరూ తిరిగి పిలిచినాను. అందరూ తినాలని శాకం వంటే పెట్టుకున్నాను. ఒక్కరన్నా వస్తామంటే ఒట్టు. దెయ్యం పేరు మీద వండిన కూడు ఎవురు తింటారని నా మొహం మీదే అంటుండారు. ఆకులేసి, వడ్డించి, తినే మనిషి లేక నేను ఆ కూడు కుక్కలకు పెట్టుకోవాల్నా? దోవన పోయే మనుషులందరినీ ‘యాడికి పోతుండావు’ అని పలకరించిన మనిషిరా ఆయన. ఆయన కాడికి ఎవురూ రాకుండా చేసినావు గదరా!”

ఏడవలేదు. ఏడ్చుంటే బాగుండేది, వీధి మొత్తం ఓదార్చి పంపేసేది.

అప్పుడు గుమ్మంలోంచి, “భయ్యా, బండి తాళం ఇటు పారెయ్యి” అని వినిపించింది.

సాయిరా. డిప్లొమా చేసి, నెల్లూరులో ఒక సర్వీసు సెంటర్లో బండ్లు చూస్తుంది. సెలవు దొరికితే ఇంటికొస్తుంది. వినయం అనే వస్తువు ఆ పిల్ల దగ్గర ఏనాడూ స్టాకు లేదు. “ఈ జిల్లాలో నాకు దొరకని లోపం లేదు” అని నెల్లూరి వాళ్ల మొహం మీదే అంటుందట. అన్న కోతలు కోస్తాడు గానీ చెల్లెలు కోతలకు ఆధారాలు కూడా చూపిస్తుంది. అందుకే ఇంట్లో అతనికి ఆమంటే కామయ్య కన్నా భయం.

“చెప్పు భయ్యా. చెక్‌పోస్టు కాడ తప్ప ఇంకేడా పట్టలేదా?”

“...లేదు.”

“అమ్మ మీద ఒట్టు?”

షానవాజ్ గొంతు సవరించుకున్నాడు. “ఉదయగిరి బస్టాండు కాడ... రెండు మూడు సార్లు. చేజర్ల కాడ గుంటలో పడినప్పుడు ఒకసారి.”

“మరి ఆ దెయ్యాల పేర్లేంది?”

“ఆడ దెయ్యాలెక్కడివి? ఆడ మనకు తెలిసినోళ్లు ఎవురూ చచ్చిపోలా గదా!”

వరదమ్మ అతని వైపు చూసిన చూపు ఉందే... దానికి స్టీరింగు కాదు, షానవాజే బిగుసుకుపోయాడు.

సాయిరా వ్యాను ఎక్కింది. తనతో తెచ్చుకున్న ట్యాబును బండికి తగిలించింది. స్టీరింగు అటూ ఇటూ తిప్పింది. ఏ లోపమూ రాలేదు. స్టీరింగు కింద చూద్దామని వంగబోయింది.

“వద్దు!” షానవాజ్ కాలు అడ్డం పెట్టాడు.

“ఏంది?”

“ఆడ... చెయ్యి పెట్టద్దు.”

“ఎందుకు?”

“చెప్తుండా గదా, పెట్టద్దు.”

అతని మొహాన చెమట. వీధి మొత్తం ఒక అడుగు వెనక్కి వేసింది. సాయిరా కళ్లు చిన్నవి చేసి అన్నను చూసి, “సరే. పెట్టను. ఆడికే పోదాం పద” అంది. “వరదక్కా, నువ్వూ ఎక్కు. ఇంటి కాడ దింపినట్టు ఉంటుంది, మీ నాయనను అడిగినట్టూ ఉంటుంది.”

పొద్దు గూకింది.

వ్యానులో ముగ్గురే. షానవాజ్ తోలుతున్నాడు. పక్కన సాయిరా, ఒళ్లో ట్యాబు. వెనక సీట్లో వరదమ్మ. ట్యాబు మీద రెండు గీతలు — ఒకటి ఎరుపు, ఒకటి నీలం — పక్కపక్కనే సాగుతున్నాయి.

“ఇవేంది?” గుసగుసగా వరదమ్మ.

“స్టీరింగు ఎంత బలంగా తిప్పుతుండామో చూసే సెన్సారు ఒకటుంది అక్కా. అది రెండు తీగల మీద ఆ మాట బండి లోపలి కంప్యూటరుకు చెప్తుంది. ఒక తీగలో వోల్టేజీ ఎంత పెరిగితే రెండో తీగలో అంత తగ్గాల. రెండూ ఒకే మాట మీద ఉన్నంతసేపు, కంప్యూటరు నమ్మి, మనకు సాయంగా స్టీరింగు మోటారును తిప్పుతుంది. మనకు స్టీరింగు తేలిగ్గా ఉంటుంది. మాట తేడా వచ్చిందా — ‘నేను నమ్మను’ అని మోటారును ఆపేస్తుంది. దీపం పెడుతుంది. ఆ పసుపు కన్ను అదే.”

“మళ్లీ ఆపి స్టార్టు చేస్తే?”

“మళ్లీ మొదట్నుంచి నమ్ముతుంది. పాపం, మంచిది. అయినా దానికున్న అనుమానంలో పావు వంతు మా ఊళ్లో వాళ్లకుండుంటే నీ అంగడి నడుస్తుండేది.”

లైట్ల వెలుగులో దూరంగా... గేటు.

“మెల్లగా పో. దీపం వెలిగినా ఇంజను ఆపద్దు.” సాయిరా గొంతు కూడా తగ్గింది. ఎందుకు తగ్గిందో ఆమెకే తెలీదట.

దడ్...

గీతలు వణికాయి.

దడ్...

నీలం గీత తెగినట్టై, అతుక్కుంది.

దడ్...

షానవాజ్ ఎడమకు తిప్పాడు. ఎర్ర గీత పైకి లేచింది. నీలం గీత కిందికి దిగాల్సింది — దిగలేదు. గిలగిల కొట్టుకుని... ఒక్కసారిగా అడుక్కి పడిపోయింది.

పసుపు కన్ను తెరుచుకుంది.

“పట్టినాడు...” షానవాజ్ పెదాలు మాత్రమే కదిలాయి. బండి గేటు కింద ఆగింది.

వెనక సీట్లోంచి వరదమ్మ చీకట్లోకి చూసి, చిన్నపిల్లలాగా అంది — “నాయనా... నువ్వేనా?”

గాలి లేదు. కానీ గేటు మీది తుప్పు రేకు ఒకటి... కిర్రు... మంది.

సాయిరా ట్యాబు పక్కన పెట్టి, అన్న మోకాళ్ల మీదుగా వంగి, స్టీరింగు కింది చీకట్లోకి చెయ్యి పోనిచ్చింది.

“వద్దు సాయిరా!... వద్దంటుండా గదా!...”

చెయ్యి లోపలికి పోయింది. ఇంకా లోపలికి. వేళ్లకు ఏదో తగిలింది.

మెత్తగా ఉంది. తడిగా ఉంది. ముడతలు పడిన తోలు... వేళ్లు వేళ్లుగా... ఒక గుత్తిగా వేలాడుతూ... ముట్టుకోగానే మెల్లగా ఊగి, ఆమె మణికట్టు మీద ఒక చుక్క రాల్చింది.

ఏ లోపానికీ భయపడని సాయిరా కెవ్వుమంది. షానవాజ్ అంతకన్నా గట్టిగా కెవ్వుమని, తలుపు తీసుకుని దూకి, గది వైపు పరిగెత్తబోయి, అది దెయ్యం గదని గుర్తొచ్చి, తిరిగొచ్చి, అప్పుడే బండి దిగిన వరదమ్మ వెనక నక్కాడు. ఎవరి నాయనకు భయపడి పారిపోయాడో ఆమె కొంగే పట్టుకున్నాడు.

సాయిరా సెల్లు లైటు వేసింది. స్టీరింగు కింద చూసింది.

లైటు ఇంకా దగ్గరికి పెట్టింది.

తర్వాత చెయ్యి పెట్టి, బలంగా లాగి, దాన్ని వెలుగులోకి తెచ్చింది.

నిమ్మకాయలు.

సూదితో పొడిచి, దారానికి గుచ్చి, ఒకదాని కింద ఒకటి కట్టిన నిమ్మకాయల గుత్తి. పైనవి నల్లగా ఎండి, ముడతలు పడి, కిందవి కుళ్లి, చివరిది ఇంకా పచ్చిది — దాని రంధ్రంలోంచి రసం ఊరుతోంది.

“భయ్యా,” అంది సాయిరా. చాలా మర్యాదగా. “ఇవేంది?”

షానవాజ్ వరదమ్మ కొంగు వదిలాడు.

“బంపరుకు కట్టుకునేవాళ్లను చూసి నవ్వేది నువ్వే గదా?”

“...అందుకే లోపల కట్టినాను. బయట కడితే నలుగురూ నవ్వుతారని.”

“ఎప్పుడు మొదలుపెట్టినావు?”

“బండి కొన్నరోజు ఒకటి. ఆ తర్వాత ఈడ పట్టినప్పుడల్లా ఒకటి. జేబులో పెట్టుకుని వస్తా. ఇంజను ఆపి, ఈ వైర్లకు కట్టి, స్టార్టు చేస్తే... వదిలేస్తుండె గదా!”

సాయిరా బండి దిగి, నవ్వు ఆపుకోలేక గేటు స్తంభానికి ఆనుకుంది. “నిన్ను వదిలేసింది నిమ్మకాయ కాదు భయ్యా, ఇంజను ఆపడం! కట్టిన ప్రతి కాయా సరిగ్గా సెన్సారు వైర్లు కలిసే చోట రసం కారుస్తుండాది. అది వైర్లను తింటుండాది. అవి తినేకొద్దీ స్టీరింగు పట్టేస్తుండాది. పట్టేకొద్దీ నువ్వు ఇంకో కాయ కడతుండావు. దెయ్యాన్ని నువ్వే పెంచినావు గదా, పూటపూటా రసం పోసి!”

వైర్లు కలిసే ఆ జాయింటు ఊడదీసి చూపించింది. లోపలి ఇత్తడి సూదుల మీద పచ్చటి చిలుము, తెల్లటి పొడి. వరదమ్మ అంగడి లైటు కింద కూర్చుని, పాత పళ్ల బ్రష్షుతో రుద్ది, తనతో తెచ్చుకున్న మందు కొట్టి, ఆరబెట్టింది. మంచినీళ్లకని లోపలికి పోయినప్పుడు మూలన ఒక పెద్ద జాడీ కనిపించింది. మూతికి గుడ్డ కట్టి ఉంది.

“అదేంది అక్కా?”

“ఊరుతుండాది. నాయన సంవత్సరీకానికి” అంది వరదమ్మ, వేరే వైపు చూస్తూ.

జాయింటు బిగించి, అదే మలుపు మీద, అవే స్పీడు బ్రేకర్ల మీద బండిని తిప్పిందే తిప్పింది సాయిరా. ఎరుపు లేస్తే నీలం దిగింది. నీలం లేస్తే ఎరుపు దిగింది. కన్ను తెరుచుకోలేదు.

వరదమ్మ ఆ ఎండు కాయల గుత్తిని చేతిలోకి తీసుకుని చూస్తూ, “మా నాయనకు పులుపంటేనే పడదురా” అంది.

ఇంతటితో అయిపోవాలి గదా? కాలేదు. మా ఊరి సంగతి మీకు తెలీదు.

మర్నాడు సాయిరా అన్నను చెవి పట్టుకున్నట్టే బర్కతుల్లా చాచా అరుగు కాడికి తీసుకుపోయి, మొత్తం చెప్పించింది. నిమ్మకాయలు, జేబు, చిలుము, ఎర్రగీత, నీలం గీత, అన్నీ. షానవాజ్ సిగ్గుతో చచ్చిపోతూ చెప్పాడు. అరుగు మీదున్న వాళ్లు శ్రద్ధగా విన్నారు.

చాచా గరిటె పక్కన పెట్టి, గడ్డం నిమురుకున్నాడు.

“నిమ్మకాయ వల్లే పట్టింది. సరే. ఒప్పుకుంటా. మరి... ఆ నిమ్మకాయను సరిగ్గా అదే చోట కట్టించింది ఎవురు?”

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

“కామయ్య!” అని ఎవరో గాలి పీల్చుకున్నారు.

సాయిరా ఆ పూటే నెల్లూరి బస్సెక్కేసింది. దెయ్యం ఒక్క సాయంత్రంలో ఆత్మకూరు దాకా పోయింది గదా; నిజం ఆ వారమంతా నడిచి కూడా మా వీధి చివర దాటలేదు.

సంవత్సరీకం రోజు వచ్చింది. వరదమ్మ చీకటితో లేచి వండింది. అంగడి ముందర పందిరి వేసి, చాపలు పరిచి, ఆకులు వేసింది. కామయ్య ఫొటోకు దండ. ముందర ఆయనకిష్టమైన వంకాయ కూర. పొద్దెక్కింది. నడినెత్తికొచ్చింది. ఆకులు గాలికి ఎగురుతుంటే ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి పెట్టుకుంటూ తిరిగింది. బండ్లు పోతూనే ఉన్నాయి. హారను కొట్టి... విసిరి... పోతున్నాయి.

సాయిరా, షానవాజ్ మాత్రం వచ్చారు. షానవాజ్ ఆ ఖాళీ ఆకుల వరస చూశాడు. గులకరాళ్లు చూశాడు. తిరిగి వ్యానెక్కి, ఉదయగిరి దోవ పట్టాడు.

చాచా అరుగు మీద ఎప్పటి జనమే. షానవాజ్ రొప్పుతూ దిగాడు. మొహం పాలిపోయి ఉంది. (అది నటన కాదట. చెల్లెలికి తెలిస్తే ఏమవుతుందోనని.)

“చాచా... ఇప్పుడే ఆడ్నుంచి వస్తుండాను.”

ఉలి ఆగింది.

“పట్టినాడా?”

“పట్టలా. మాట్లాడినాడు.”

“యాడికి పోతుండావు... అన్నాడా?”

షానవాజ్ వంగి, చాచా చెవిలో అన్నాడు. అయినా అందరికీ వినిపించింది.

“అనలా చాచా. ఈసారి... ‘ఎవురెవురు రాలేదు?’ అన్నాడు.”

అరుగు ఖాళీ అయింది. వ్యాను నిండింది. నిండాక టాపు మీదికి ఎక్కారు. రెండో ట్రిప్పు వేయాల్సి వచ్చింది. ఆత్మకూరు నుంచి రామనారాయణ, బొట్టు పెట్టిన ఫోనుతో సహా, తనంతట తానే వచ్చాడు. పందిరి చాలక రోడ్డు పక్కన ఆకులు వేశారు. గేటు కింద దిగిన ప్రతివాడూ దిగగానే గట్టిగా, గది వైపు తిరిగి తన పేరు చెప్పి, “వచ్చినానయ్యో!” అని హాజరు వేయించుకున్నాడు.

వడ్డిస్తూ సాయిరా అన్న పక్కన ఆగి పళ్లు బిగించింది. “సిగ్గు లేదా నీకు?”

“నీ వోల్టేజీ చెప్పినాను. ఒక్కడు లేవలా. దెయ్యం చెప్పినాను. ఆకులు చాలడంలా. నన్నేం చెయ్యమంటావు?”

వరదమ్మ ఇద్దరి మాటా విని కూడా విననట్టే జాడీ మోసుకుంటూ వరసలోకి వచ్చింది. అందరి ఆకుల్లోనూ ఊరగాయ వేసింది. ఎర్రగా, నూనె తేలుతూ. పప్పన్నంలో కలిపిన ప్రతివాడూ కళ్లు మూసుకున్నాడు. రామనారాయణ వేళ్లు నాకాడు. చాచా అయితే మూడోసారి చెయ్యి చాపి, “ఏ తోట కాయలు వరదమ్మా ఇవి? రసం చూడు, ఎట్లా దిగుతుండాదో!” అన్నాడు.

“తోటవి కాదు చాచా. మీరు పంపించినవే.”

“మేమెప్పుడు పంపించినాం?”

వరదమ్మ ఇంకో ముక్క అతని ఆకులో జాగ్రత్తగా పెట్టింది.

“బండి ఆపకుండా విసిరినారు గదా, మా నాయన మీదికి. పగిలినవి ఊడ్చి పారేసినాను. పగలని కాయలన్నీ ఏరి, కడిగి, ఊరేసినాను. ఆయనకు పులుపు పడదు. అందుకని మీకే పెడుతుండా. తినండి.”

నమలడం ఆగిపోయింది. వరసంతా. బుగ్గల్లో ఉన్నది మింగాలో ఉమ్మాలో తెలీక, అందరూ కామయ్య ఫొటో వైపే చూశారు. ఫొటోలో ఆయన ఎప్పట్లాగే, ఎక్కడికి బయల్దేరారో చెప్పమన్నట్టు చూస్తున్నాడు.

ఆ నిశ్శబ్దంలో సాయిరా ఒక్కతే, “నాకింకో ముక్క ఎయ్యి వరదక్కా” అంది.

ఎవరూ ఉమ్మలేదు. ఆయన ఎదురుగా ఎవరికి ధైర్యం?

ఆ రాత్రి ఉదయగిరిలో ఒక్కో ఇంట్లోనూ లైటు వెలిగిందంటారు. కడుపులో గుడగుడ. ఊరగాయ కారమో, భయమో. ఒక్కొక్కరే లేచి, చెంబు పట్టుకుని, చప్పుడు కాకుండా దొడ్డి తలుపు గడియ తీసి, చీకట్లోకి ఒక అడుగు వేసేసరికి... ఎడమ చెవి పక్కన... తడి ఊపిరి తగిలేంత దగ్గర్నుంచి...

‘యాడికి... పోతుండావు?’

బర్కతుల్లా చాచా ఈ ఒక్క కథ మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అడిగితే గరిటె చెక్కుతాడు.

మరి నాకెట్లా తెలుసంటారా?

ఊరగాయ నేనూ రెండుసార్లు వేయించుకున్నాను.